డిపార్ట్‌మెంట్‌లో మహిళా స్కాలర్ల గ్రూప్ మొదలుపెడుతున్నాం, ఎలా నడపాలో చెప్పండి

విభాగం: పరిశోధన, పీహెచ్‌డీ, కెరీర్

సుజన_కెమిస్ట్రీ
అందరికీ నమస్కారం. నేను ఒక జిల్లా యూనివర్సిటీలో కెమిస్ట్రీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. మా డిపార్ట్‌మెంట్ స్కాలర్లలో సగానికి పైగా అమ్మాయిలే. ఎమ్మెస్సీ క్లాసులోకి వెళ్తే ముందు నాలుగు బెంచీలూ వాళ్లవే. ఇది మా ఒక్కచోటి మాట కాదు. 2020-21 ఉన్నత విద్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద సైన్స్ చదువుతున్న అమ్మాయిలు 29.5 లక్షలు, అబ్బాయిలు 27.7 లక్షలు. అదే పరిశోధన ఉద్యోగాల దగ్గరికి వచ్చేసరికి 2018 లెక్కల్లో మహిళలు 16.6 శాతమే. చదువుకీ ఉద్యోగానికీ మధ్య ఇంతమంది ఎక్కడ ఆగిపోతున్నారన్నదే నన్ను తినేస్తున్న ప్రశ్న.

మా దగ్గర ప్రతి మార్చి 8కీ ఒక ముఖ్య అతిథి వస్తారు. శాలువా, పూలబొకే, ముగ్గుల పోటీ, గ్రూప్ ఫోటో. మర్నాటికి ఏమీ ఉండదు. ఈసారి హెచ్‌ఓడీ గారిని అడిగితే ఏడాది పొడవునా నడిచే గ్రూప్ పెట్టుకోమన్నారు, శనివారం మధ్యాహ్నాలు సెమినార్ హాల్ ఇస్తామన్నారు. హాల్ దొరికింది సరే, అందులో కూర్చుని ఏం చేయాలి? పెద్ద పెద్ద సంస్థల్లో పనికొచ్చే సలహాలు కాకుండా, మాలాంటి చోట నిజంగా తేడా తెచ్చేవి చెప్పండి. గ్రూప్‌లోకి ఎవరెవర్ని పిలవాలన్నది కూడా ఇంకా తేల్చుకోలేదు.

సిలికా_విశాఖ
మేడమ్, నేను ఆర్గానిక్‌లో నాలుగో ఏడాది స్కాలర్ని. మాకేం కావాలో ఒక్క సంగతి చెబితే మీకే అర్థమవుతుంది.

మా హాస్టల్ గేటు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు. ల్యాబ్ నుంచి నడక, రిజిస్టర్‌లో సంతకం, అన్నీ కలిపి ఎనిమిదిన్నరకల్లా బయల్దేరాలి. ఒకసారి సాయంత్రం నాలుగుకి కాలమ్ వేశాను, అంటే సిలికా పొడి నింపిన గాజు గొట్టంలోంచి సాల్వెంట్ పోస్తూ కలిసిపోయిన కాంపౌండ్లని విడదీయడం. రెండు స్పాట్లు బాగా దగ్గరగా ఉన్నాయి, సాల్వెంట్ మెల్లగా వదులుతూ ప్రతి టెస్ట్‌ట్యూబ్‌లో ఏముందో టీఎల్‌సీ అనే చిన్న పరీక్షతో చూసుకోవాలి. ఎనిమిదిన్నరకి నాకు కావాల్సిన కాంపౌండ్ ఇంకా కాలమ్ మధ్యలోనే ఉంది. పక్క బెంచి అబ్బాయి పదకొండు దాకా ఉండి తన పని ముగించుకున్నాడు. నేను కాలమ్ ఆపేసి పరిగెత్తాను. పొద్దున వచ్చేసరికి సిలికా మీదే సగం విరిగిపోయింది, బ్యాండ్ అంతా గోధుమ రంగు. రెండు వారాల స్టెప్పులు మళ్లీ మొదట్నుంచి చేశాను.

గైడ్ దృష్టిలో మాత్రం "ఆ అబ్బాయి పని తొందరగా చేస్తాడు, ఈ అమ్మాయి స్లో". ఎన్‌ఎంఆర్ (కాంపౌండ్ నిర్మాణం చూపించే మిషన్) బుకింగ్‌లోనూ అంతే. పగలు స్లాట్లన్నీ సీనియర్లకి, జూనియర్లకి మిగిలేది రాత్రి పది తర్వాత. ఆ స్లాట్‌లో నేను ఎలా కూర్చోగలను?

మీ గ్రూప్ ఒక్క పని చేస్తే చాలు. రీసెర్చ్ స్కాలర్లకి లేట్ పాస్, రాత్రి ల్యాబ్ నుంచి హాస్టల్ దాకా ఒక బండి. "మీ భద్రత కోసమే గేటు వేస్తున్నాం" అనేవాళ్లు దారిలో లైట్లు ఎందుకు వేయించరో అడగండి.

రాజశేఖర్_ఈసీఈ
సుజన గారూ, మీ ఉద్దేశం మంచిదే, కాదనను. నాకున్న సందేహం ఇది. గేటు టైమింగ్ లాంటిది అందరూ కలిసి అడగాల్సిన విషయం. దానికి అమ్మాయిలకి వేరే గ్రూప్ అంటే ఇంకా దూరం పెరగదా? ఐఐటీల్లో అమ్మాయిలకి సీట్లు పెంచినప్పుడు కూడా మా బ్యాచ్‌లో ఇదే చర్చ జరిగింది. సైన్స్‌లో చివరికి చూడాల్సింది రిజల్టే కదా.

లావణ్య_బెంగళూరు
రాజశేఖర్ గారూ, ఐఐటీల సంగతి ముందు. 2018లో మొదలుపెట్టినవి సూపర్‌న్యూమరరీ సీట్లు, అంటే ఉన్నవాటికి అదనంగా కలిపినవి. అబ్బాయిల సీట్లలోంచి తీసివ్వలేదు. ఆ ఏడాది 14 శాతం, తర్వాత 17, 2020కి 20 శాతం లక్ష్యం పెట్టుకున్నారు. ఆ సీటు వచ్చిన ప్రతి అమ్మాయీ జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత సాధించి వచ్చిందే. క్లాసు నిండా అబ్బాయిలే ఉండి ముగ్గురో నలుగురో అమ్మాయిలుంటే, వాళ్లలో ఒకరు తప్పు జవాబు చెప్పినా "అమ్మాయిలకి రాదు" అంటారు. పాతికమంది ఉంటే ఆ మాట రాదు. సంఖ్య పెరిగితే మారేది అదే.

ఇక రిజల్టే చూడాలి అంటున్నారు. రిజల్ట్ చూపించే అవకాశం ఎవరికి ఇచ్చారన్నది దానికంటే ముందు ప్రశ్న. 1933లో కమలా సోహొనీ బొంబాయి యూనివర్సిటీ డిగ్రీలో ఫస్ట్ వచ్చి బెంగళూరు ఐఐఎస్‌సీకి దరఖాస్తు పెడితే, ఆడపిల్ల అని డైరెక్టర్ సి.వి. రామన్ కాదన్నారు. ఆవిడ పట్టుబట్టాక, మొదటి ఏడాది రెగ్యులర్ విద్యార్థిగా లెక్కపెట్టం, పని చూశాక చెబుతాం అన్న షరతు మీద చేర్చుకున్నారు. ఏ అబ్బాయికీ పెట్టని షరతు. 1939లో ఆవిడే కేంబ్రిడ్జ్ నుంచి డాక్టరేట్ తెచ్చుకున్నారు. రామన్ దగ్గరే పనిచేసిన అన్నా మణికి ఎమ్మెస్సీ లేదని మద్రాసు యూనివర్సిటీ పీహెచ్‌డీ ఇవ్వలేదు. వాతావరణ పరికరాల్లో దేశానికి దారి వేసిన మనిషి డాక్టర్ అనిపించుకోకుండానే వెళ్లిపోయారు.

సుజన గారూ, మీకు దగ్గర్లోనే ఒక ఆధారం ఉంది. 2019 సెప్టెంబర్‌లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫిజిక్స్‌లో జెండర్ సమానత్వం మీద జాతీయ సదస్సు జరిగింది. ఇండియన్ ఫిజిక్స్ అసోసియేషన్‌లోని జెండర్ వర్కింగ్ గ్రూప్ పెట్టిందది. అందులోంచే హైదరాబాద్ చార్టర్ అని ఒక పత్రం వచ్చింది. లోపం ఆడవాళ్లలో లేదు, వృత్తి నడిచే పద్ధతిలో ఉంది అన్న చోట నుంచి అది మొదలవుతుంది. నేను ఫిజిక్స్ దాన్ని కాబట్టి చెప్పడం కాదు, మీ హెచ్‌ఓడీ గారి ముందు పెట్టడానికి మన ఊరి పేరుతోనే ఉన్న కాగితం అది.

పార్వతి_రిటైర్డ్
సుజనా, నీకంటే చాలా పెద్దదాన్ని, ఏకవచనంలో రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. హైదరాబాద్ ల్యాబుల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది.

దర్శన్ రంగనాథన్ పేరు మీ పిల్లలకి చెప్పు. ఆర్గానిక్ కెమిస్ట్రీలో మన దేశంలో అంతటి వాళ్లు తక్కువ. ఐఐటీ కాన్పూర్‌లో ఏళ్ల తరబడి ఫెలోషిప్పుల మీదే పనిచేశారు. భర్త అక్కడే ఫ్యాకల్టీ, భార్యాభర్తలిద్దరికీ ఒకేచోట ఉద్యోగం ఇవ్వకూడదన్న రాయని నియమం ఒకటి ఉండేది. చివరికి తిరువనంతపురం వెళ్లి, 1998లో మన హైదరాబాద్ కెమిస్ట్రీ ల్యాబ్ ఐఐసీటీకి వచ్చారు. 2001లో పోయారు. హైదరాబాద్‌లో మూడేళ్లే ఉన్నారు.

మా రోజుల్లో నేను చూసింది ఇంకొకటి చెబుతాను. ఏ ప్రాజెక్టుకి ఎప్పుడు కాల్ వస్తుంది, ఏ కమిటీలో ఎవరున్నారు, ఏ విదేశీ ప్రొఫెసర్ పీహెచ్‌డీ తర్వాత పరిశోధన చేసే పోస్ట్‌డాక్‌ల కోసం వెతుకుతున్నాడు, ఇవేవీ నోటీసు బోర్డు మీద రావు. సాయంత్రం క్యాంటీన్ బయట టీ కొట్టు దగ్గర తెలుస్తాయి. మేం ఆ వేళకి పిల్లల స్కూల్ బస్సు కోసం పరిగెత్తేవాళ్లం. మర్నాడు పొద్దున మాకు తెలిసేసరికి దరఖాస్తు కూడా వెళ్లిపోయి ఉండేది. ఎవరూ కావాలని దాచలేదమ్మా. మేం అక్కడ లేం, అంతే.

అందుకే మీ శనివారం మీటింగులో మొదటి అరగంట వార్తలకే పెట్టుకోండి. ఈ వారం ఎవరికి ఏ ఫెలోషిప్, ఏ వర్క్‌షాప్, ఏ ఖాళీ తెలిసిందో అందరూ చెప్పాలి. ఉపన్యాసాలు తర్వాత. స్ఫూర్తి కోసం అతిథిని పిలవడం కంటే ఇది పదిరెట్లు పనికొస్తుంది.

చైతన్య_నల్లమల
పార్వతి మేడమ్ చెప్పిన టీ కొట్టు మాట దగ్గరే నేనూ మొదలుపెడతాను. ఆ టీ కొట్టు దగ్గర నిలబడినా కొందరికి మాట కలవదు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. గురుకులంలో చదివి, సెంట్రల్ యూనివర్సిటీకి వచ్చాను. మొదటి వారం ల్యాబ్‌లో అడిగింది ఊరు, తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత "ఏ కేటగిరీలో వచ్చావ్?" అని. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే కష్టం. లంచ్‌కి పిలవరు, పేపర్ డ్రాఫ్ట్ చూపించరు, గ్రూప్ మీటింగ్‌లో నేను మాట్లాడితే ఫోన్లు చూసుకుంటారు. ఆ ల్యాబ్‌లో మహిళా సంఘం అప్పటికే ఉంది. దాంట్లో ఉన్నవాళ్లందరికీ ఇంగ్లీషు ధారాళంగా వచ్చు, వాళ్ల నాన్నలు కూడా ప్రొఫెసర్లే. నాకు పిలుపు రాలేదు, నేనూ వెళ్లలేదు.

2007లో ఢిల్లీ ఎయిమ్స్ మీద థోరట్ కమిటీ ఇచ్చిన నివేదిక చదవండి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు హాస్టల్లో, మెస్సులో, ఆటల్లో ఎలా విడిగా మిగిలిపోయారో అందులో ఉంది. 2012లో యూజీసీ ప్రతి కాలేజీలో ఈక్వల్ ఆపర్చునిటీ సెల్, వివక్ష ఫిర్యాదులు వినే అధికారి ఉండాలని రూల్ పెట్టింది. మీ క్యాంపస్‌లో ఆ అధికారి ఎవరో ఎంతమందికి తెలుసు?

డబ్బు సంగతి కూడా. నెట్ పరీక్షతో వచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ 2023 నుంచి నెలకి 37,000 అని పేపర్లో చదువుతాం. అది నెలనెలా పడుతుందనుకుంటారు బయటివాళ్లు. రోహిత్ వేముల తన ఆఖరి ఉత్తరంలో 7 నెలల ఫెలోషిప్ రావాలని రాశాడు. కార్ల్ సాగన్‌లా సైన్స్ రచయిత కావాలనుకున్నాడని కూడా అందులోనే ఉంది. ఆ ఉత్తరం చదివినప్పుడల్లా నాకు నిద్ర పట్టదు. ఇంటి నుంచి డబ్బు వచ్చేవాళ్లు ఫెలోషిప్ ఆర్నెల్లు ఆగినా తట్టుకుంటారు. మేం ఇంటికి పంపాల్సినవాళ్లం. జేఆర్‌ఎఫ్ లేకపోతే నెట్ లేనివాళ్లకి యూజీసీ ఇచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ 8,000 కూడా సెంట్రల్ యూనివర్సిటీల్లోనే. స్టేట్ యూనివర్సిటీలో ఆ అమ్మాయి ఏం తిని పీహెచ్‌డీ చేయాలి?

కాబట్టి మేడమ్, గ్రూప్ పేరు "మహిళా" అని పెట్టినా సరే, మొదటి రోజు నలుగురిని మీరే వెళ్లి పిలవండి. నోటీసు పెడితే ధైర్యం ఉన్నవాళ్లే వస్తారు. మీటింగ్ తెలుగులో జరగనివ్వండి. రియాక్షన్ మెకానిజం ఇంగ్లీషులో చెప్పగలిగిన పిల్ల కూడా తన కష్టం ఇంగ్లీషులో చెప్పలేదు.

సిలికా_విశాఖ
చైతన్య అక్కా, మా ల్యాబ్‌లో కూడా మీరు చెప్పినట్టే ఒకమ్మాయి ఉంది. రేపు నేనే వెళ్లి మాట్లాడతాను.

హరిత_బ్రెయిలీ
ఈ చర్చలో నా లాంటివాళ్ల ప్రస్తావన ఎవరూ తేలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. నాకు చూపు దాదాపు లేదు. స్క్రీన్ రీడర్‌తో ఇది టైప్ చేస్తున్నాను. మ్యాథ్స్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నా.

శ్రీకాంత్ బొల్లా కథ చాలామందికి తెలుసు. మచిలీపట్నం దగ్గర పల్లెటూరివాడు. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చినా, చూపు లేదని ఇంటర్‌లో సైన్స్ ఇవ్వం అన్నారు. కోర్టుకి వెళ్లి సాధించుకున్నాడు, 98 శాతం తెచ్చుకున్నాడు, ఎంఐటీలో చదివాడు. అందరూ ఆయన పట్టుదల గురించే మాట్లాడతారు. నేను అడిగేది, ఇంటర్‌లో సైన్స్ తీసుకోవడానికి ఒక పిల్లాడు కోర్టు మెట్లెందుకు ఎక్కాలి? కోర్టుకి వెళ్లలేని పిల్లలు ఎంతమంది ఆర్ట్స్‌లో చేరిపోయి ఉంటారు?

మాకు కావాల్సినవి చాలావరకు ఖర్చు లేనివి. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. కానీ నోట్స్‌ని ఫోన్లో ఫోటో తీసి పీడీఎఫ్ చేసి పంపిస్తే అది చదవలేదు, ఈక్వేషన్ దానికి ఒక బొమ్మ. అదే నోట్స్ లాటెక్ ఫైల్‌గా, అంటే ఈక్వేషన్లు కూడా అక్షరాల్లో టైప్ చేసిన ఫైల్‌గా పంపితే నేను ప్రతి గుర్తూ చదువుకోగలను. మా సార్ ఒకాయన ఈ ఒక్క మాట అర్థం చేసుకుని ఫైళ్లు పంపడం మొదలుపెట్టారు, ఆ సెమిస్టర్‌లో ఎవరి సాయం లేకుండా చదివాను. ఇంకో మేడమ్ గ్రాఫులు అట్టముక్క మీద జిగురుతో దారం అంటించి ఇచ్చారు. సైన్ వేవ్ ఎక్కడ సున్నాని దాటుతుందో వేలితో తడిమి తెలుసుకున్నాను. బోర్డు మీద రాసేటప్పుడు "ఇది ఇటు వెళ్తే అది అవుతుంది" అనకుండా, ఏది ఎటు వెళ్తుందో నోటితో చెప్తే క్లాసంతా బాగుపడుతుంది.

వికలాంగుల హక్కుల 2016 చట్టం ప్రకారం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో మాకు కనీసం 5 శాతం సీట్లున్నాయి. సీటు ఇచ్చి, సెమినార్ హాల్ రెండో అంతస్తులో లిఫ్ట్ లేకుండా పెడితే వీల్‌చైర్ వాళ్లు ఎలా రావాలి? సుజన మేడమ్, మీ శనివారం హాల్ ఏ అంతస్తులో ఉంది?

సుజన_కెమిస్ట్రీ
హరితా, మొదటి అంతస్తు, లిఫ్ట్ లేదు. నువ్వు అడిగాక వెళ్లి చూశాను, కింద లైబ్రరీ పక్కన ఒక క్లాస్‌రూమ్ శనివారం ఖాళీగా ఉంది. ర్యాంప్ కూడా ఉంది. దానికే మారుస్తున్నాం.

శశి_హైడెల్‌బర్గ్
గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ పోస్ట్‌డాక్ చేస్తున్నాను. బయటి దేశాల్లో అంతా బాగుందనుకోకండి, ఇక్కడా పోరాడే తెచ్చుకున్నారు. ఎంఐటీలో నాన్సీ హాప్కిన్స్ అని బయాలజిస్టు ఉన్నారు. జీబ్రాఫిష్ మీద పని చేయడానికి ఇంకొంచెం చోటు కావాలని అడిగితే, మీకు చాలినంత ఉందన్నారు. ఆవిడ టేపు పట్టుకుని బిల్డింగ్‌లోని ల్యాబులన్నీ కొలిచారు. సీనియర్ మహిళా ప్రొఫెసర్లకి మగవాళ్లకంటే తక్కువ చోటు ఉందని అంకెలతో తేలింది. మిగతా మహిళా ప్రొఫెసర్లు కలిశారు, జీతాలు, కమిటీలు అన్నీ లెక్క తీశారు. 1999లో రిపోర్టు బయటికొచ్చాక ఎంఐటీ ప్రెసిడెంటే వివక్ష నిజమని ఒప్పుకున్నారు.

ఒంటరిగా చెబితే అది ఒక మనిషి బాధ, లెక్కలతో పదిమంది చెబితే కాదనడం కష్టం. మీ గ్రూప్ కూడా కొలవండి. ఎన్‌ఎంఆర్ బుకింగ్ షీట్ ఒక సెమిస్టర్‌ది తీసి పగలు స్లాట్లు ఎవరికి, రాత్రి ఎవరికి అని చూడండి. డిపార్ట్‌మెంట్ సెమినార్లలో ఎవరు మాట్లాడారో, కాన్ఫరెన్సులకి ఎవరిని పంపారో చూడండి. కేటగిరీ వారీగా కూడా చూడండి, చైతన్య గారి మాట అప్పుడు కాగితం మీద కనిపిస్తుంది.

రెండోది డబ్బుతో ముడిపెట్టడం. బ్రిటన్‌లో 2005లో సైన్స్‌లో మహిళల కెరీర్‌కి తోడ్పడే యూనివర్సిటీల కోసం అథీనా స్వాన్ అని ఒక చార్టర్ పెట్టారు, బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ గుర్తింపులు ఇచ్చేవారు. 2011లో ఒక పెద్ద వైద్య పరిశోధన నిధికి సిల్వర్ ఉండాలన్నారు, మెడికల్ స్కూళ్లన్నీ ఒక్కసారిగా కదిలాయి. ఆ షరతు 2020లో తీసేశారు. మన కేంద్ర సైన్స్ శాఖ డీఎస్‌టీ 2020లో మొదలుపెట్టిన గతి పథకం ఆ తరహాదే. గుర్తింపు మీద నిధులు ఆధారపడనంత కాలం యాజమాన్యాలు కదలవని నా నమ్మకం.

అనామిక_ఆర్7
పేరు మార్చుకుని రాస్తున్నాను. మా క్యాంపస్‌లో ఇలాంటి గ్రూప్ ఉంది. గైడ్ ప్రవర్తన గురించి ఒక జూనియర్ అందులో చెప్పుకుంది. పెద్దవాళ్లు "మేం మాట్లాడతాం, నువ్వు కంగారుపడకు" అన్నారు. మాట్లాడారు కూడా. ఆయన ఆర్నెల్లు మంచిగా ఉన్నాడు. ఆ తర్వాత మళ్లీ అంతే. అప్పటికి ఫిర్యాదు గడువు దాటిపోయింది.

దయచేసి గుర్తుంచుకోండి. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం రాతపూర్వక ఫిర్యాదుకి మూడు నెలలే గడువు, తగిన కారణం ఉంటే సంస్థలోని ఫిర్యాదుల కమిటీ ఇంకో మూడు నెలలు పెంచవచ్చు. యూజీసీ 2015 రూల్స్ ప్రకారం స్టూడెంట్లూ ఆ కమిటీకే వెళ్లవచ్చు. కాబట్టి గ్రూప్ రాజీలు కుదర్చకూడదు. కమిటీ ఎవరో చెప్పాలి, ఫిర్యాదు రాయడంలో పక్కన కూర్చోవాలి, ఆ పిల్ల గైడ్‌ని మార్చుకోవాల్సి వస్తే డిపార్ట్‌మెంట్‌ని అడగాలి. మా జూనియర్ పీహెచ్‌డీ మానేసి ఊరికి వెళ్లిపోయింది. చాలా బాగా పనిచేసేది.

రాజశేఖర్_ఈసీఈ
అందరివీ చదివాను. అనామిక గారూ, చాలా బాధగా ఉంది. మేం చేయగలిగింది ఏమిటో నేరుగా చెప్పండి. నాకు ఇప్పటికీ గ్రూప్‌లో అబ్బాయిలకీ చోటుండాలనే ఉంది.

సిలికా_విశాఖ
అన్నా, నేను చెప్తాను. మీకు రాత్రి స్లాట్ ఇబ్బంది లేకపోతే పగలు స్లాట్ వదిలి రాత్రిది తీసుకోండి. గ్రూప్ మీటింగ్‌లో నోట్స్ రాయడం, కేక్ తేవడం, అతిథికి బొకే ఇవ్వడం అన్నీ మాకే చెప్తారు, అందులో సగం మీరు తీసుకోండి. ఎవరైనా నా ఐడియాని రెండు నిమిషాల తర్వాత తనదిగా చెబితే "ఇది ఇందాక తను చెప్పింది" అనండి. పోస్ట్‌డాక్ మెయిల్ వస్తే ల్యాబ్ అందరికీ పంపండి. ఈ నాలుగింటికీ మీరు గ్రూప్‌లో ఉండక్కర్లేదు.

పార్వతి_రిటైర్డ్
అబ్బాయీ, నెలకొక మీటింగ్ అందరికీ పెట్టుకోవచ్చు. మిగతా వారాలు వాళ్లను వాళ్లు మాట్లాడుకోనివ్వు. నువ్వు అక్కడుంటే కొన్ని మాటలు బయటికి రావు.

పాపాయి_అమ్మ
ఆలస్యంగా వచ్చాను, పాప నిద్రపోయాక రాస్తున్నా. బయోకెమిస్ట్రీ మూడో ఏడాదిలో ప్రెగ్నెన్సీ వచ్చింది. ఆఫీసులో "డిస్కంటిన్యూ లెటర్ ఇచ్చేయమ్మా, తర్వాత చూద్దాం" అన్నారు. ఇచ్చేదాన్నే. పక్క డిపార్ట్‌మెంట్ అక్క ఒకావిడ యూజీసీ పీహెచ్‌డీ రూల్స్ ప్రింట్ తీసి చేతిలో పెట్టింది. పీహెచ్‌డీ కాలంలో ఒకసారి 240 రోజుల దాకా ప్రసూతి లేదా పిల్లల సంరక్షణ సెలవు ఇవ్వవచ్చని, మహిళలకి గడువులో రెండేళ్ల సడలింపు ఉందని 2016 నుంచీ ఉంది. ఆ కాగితం చూపించగానే లెటర్ మాట ఎత్తలేదు. నాలుగు నెలల్లో థీసిస్ ఇవ్వబోతున్నాను.

మధ్యలో ఆపేసినవాళ్లకి కూడా దారి ఉంది. మళ్లీ పరిశోధనకి రావాలనుకునే మహిళలకి డీఎస్‌టీ వాళ్ల వైజ్-కిరణ్ పథకం, బయాలజీ వాళ్లకి కేంద్ర బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ) బయోకేర్. పెళ్లయి పిల్లలు పుట్టి ఆగిపోయిన మీ పాత స్టూడెంట్లకి ఫోన్ చేసి చెప్పండి మేడమ్. వాళ్లు వెబ్‌సైట్లు చూసుకుంటూ కూర్చోరు, ఇంట్లో ఎవరూ చెప్పరు.

సుజన_కెమిస్ట్రీ
పాపాయి అమ్మా, ఆ రూల్స్ కాపీ రేపే ప్రింట్ తీస్తాను. అక్క ఒకావిడ మీ చేతిలో పెట్టకపోతే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయంగా ఉంది.

మొదటి శనివారానికి ఇలా అనుకుంటున్నాం. లైబ్రరీ పక్క రూమ్, మూడింటికి, తెలుగులో. నోటీసుతో ఊరుకోకుండా ప్రతి ల్యాబ్‌కీ నేనే వెళ్లి పిలుస్తాను, నాన్-నెట్ వాళ్ల దగ్గరికి ముందు వెళ్తాను. మొదటి అరగంట వార్తలు. తర్వాత లేట్ పాస్ కోసం వార్డెన్‌కి లెటర్ రాసి సంతకాలు. ఎన్‌ఎంఆర్ షీట్ల లెక్క ఇద్దరు స్కాలర్లు తీస్తామన్నారు, ఒకరు అబ్బాయి. ఫిర్యాదుల కమిటీ సభ్యులు, ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ అధికారి పేర్లు, ఫోన్ నంబర్లు రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగాను. రెండో దానికి "కనుక్కుని చెబుతాం" అన్నారు. సోమవారం మళ్లీ వెళ్తున్నాను.

ఒక సాయం కావాలి. ఫెలోషిప్ ఆగిన స్కాలర్లకి మెస్ బిల్లు వాయిదా వేసే పద్ధతి ఏ యూనివర్సిటీలోనైనా కాగితం మీద ఉందా? ఉంటే ఆ ఆర్డర్ కాపీ ఇక్కడ పెట్టండి, మా వీసీ గారికి చూపించాలి.

చైతన్య_నల్లమల
మేడమ్, మా హాస్టల్లో పోయినేడు స్కాలర్లు కూర్చుని సాధించుకున్న ఆర్డర్ ఒకటుంది. రేపు స్కాన్ చేసి పెడతాను. హరిత గారి కోసం టైప్ చేసిన కాపీ కూడా పెడతాను.